ఫౌండేషన్ వాళ్లు పది లక్షలు ఇస్తామంటున్నారు, తీసుకోనా అక్కా?

ఈ వారం వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. పేర్లు, ఊరు, కంపెనీ ఆనవాళ్లు తీసేసి, విషయం మాత్రం ఉంచి కుదించి చెప్తాను.

రాసిన అమ్మాయికి 27 ఏళ్లు. గోదావరి ఒడ్డున ఒక చిన్న టౌను, నాన్నకి టైలరింగ్ షాపు. ఏడో తరగతిలో స్కూలువాళ్లు రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లారట. మిగతా పిల్లలు పది నిమిషాల్లో బయటికొచ్చి పుల్ల ఐసు కొనుక్కుంటుంటే, తను లోపలే ఉండిపోయి బొమ్మల కిందున్న చీటీలు చదువుకుంటోందట. "బొమ్మలు వేయాలని నాకెప్పుడూ అనిపించలేదక్కా. వీటిని ఈ వరసలో ఎవరు పెట్టారు, దీని పక్కన అదే ఎందుకు పెట్టారు అని మాత్రం అనిపించేది" అని రాసింది. ఈ ఒక్క మాట చూసే ఇంత పెద్ద జవాబు రాయాలనిపించింది నాకు.

తర్వాత హైదరాబాద్‌లో ఆర్ట్ హిస్టరీలో పీజీ చేసింది. రెండేళ్లుగా ఒక ప్రైవేట్ గ్యాలరీలో క్యూరేటోరియల్ అసిస్టెంట్, జీతం 22 వేలు. పేరు అలా ఉంది కానీ చేసేది బబుల్ రాప్ చుట్టడం, ఏ బొమ్మ ఏ స్థితిలో ఉందో కండిషన్ రిపోర్టులు రాయడం, కొనేవాళ్లకి వాట్సాప్‌లో ఫొటోలు పంపడం, ఓపెనింగ్ రోజు సమోసాలు లెక్కపెట్టడం. ఈ మధ్య యూరప్‌లో తొమ్మిది నెలల క్యూరేటర్ల కోర్సులో సీటొచ్చింది. ఫీజు, అక్కడ ఉండే ఖర్చు కలిపి పది లక్షలు దాటుతుంది. అంత డబ్బు ఇంట్లో లేదు. అప్పుడే, గ్యాలరీకి తరచూ వచ్చే ఒక పెద్ద కుటుంబం ముందుకొచ్చింది. వాళ్లకి మందుల కంపెనీ ఉంది, ఫౌండేషన్ ఉంది, ఇరవై ఏళ్లుగా కొన్న బొమ్మలు గోడౌన్ నిండా ఉన్నాయి. పది లక్షలు ఇస్తాం, తిరిగొచ్చాక రెండేళ్లు మా కలెక్షన్ దగ్గర పని చెయ్యాలి, మొదటి ఎగ్జిబిషన్ మా బొమ్మలతోనే పెట్టాలి, ఏం రాసినా ఫౌండేషన్‌కి చూపించాకే బయటికి వెళ్లాలి, మధ్యలో మానేస్తే మొత్తం తిరిగి కట్టాలి అన్నారు.

ఇదొక్కటే అయితే ఆ అమ్మాయి నాకు రాసేది కాదేమో. ఆ కుటుంబం ఫ్యాక్టరీకి దగ్గర్లోనే మేనమామ పొలం ఉంది. బోరు నీళ్లు పాడయ్యాయని కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకున్నవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. ఈ సంగతి ఫౌండేషన్‌కి తెలీదు, ఫౌండేషన్ సంగతి మామయ్యకి తెలీదు. గ్యాలరీ ఓనరు ఎగిరి గంతేసి తీసుకోమంటున్నాడు. స్నేహితురాలు ఆ పాపిష్టి డబ్బు ముట్టుకోవద్దంటోంది. అమ్మ పెళ్లి సంబంధాలు చూస్తోంది. నాన్న మాత్రం మిషను మీంచి తలెత్తకుండా "ఇంత డబ్బు ఊరికే ఎందుకిస్తారమ్మా?" అన్నాడట. ఇంక ఇరవై రోజుల్లో జవాబు చెప్పాలి. "తీసుకుంటే అమ్ముడుపోయినట్టా? వద్దంటే చేతికందింది కాలదన్నుకున్నట్టా? ఇంకోటి అక్కా, క్యూరేటర్ అంటే ఏంటో మా నాన్నకి ఎలా చెప్పాలి?" అని ముగించింది.

చెల్లీ, మీ నాన్నగారితో మొదలుపెడతాను. నీకు సలహా చెప్పినవాళ్లందర్లోకీ తెలివైన ప్రశ్న వేసింది ఆయనే. గ్యాలరీ ఓనరుకి ఆ కుటుంబం మంచి కస్టమర్లు, కాబట్టి ఆయన సలహా కొంచెం తగ్గించి తీసుకో. నీ స్నేహితురాలికి పది లక్షలు అవసరం లేదు. మీ నాన్న మాత్రం అసలు సంగతి అడిగాడు: ఎందుకిస్తారు?

నేను పదకొండేళ్లు కళాకారులకి గ్రాంట్లిచ్చే ఒక సంస్థ ఆఫీసులో కూర్చుని దరఖాస్తులు చదివినదాన్ని. దాతలు ఎందుకిస్తారో కొంత దగ్గర నుంచే చూశాను. ఇష్టంతో ఇచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ క్యూరేటర్ల శిక్షణకి డబ్బిచ్చేవాళ్లకి ఇష్టంతోపాటు ఒక అవసరం కూడా ఉంటుంది. ఇరవై ఏళ్లు బొమ్మలు కొన్న మనిషికి ఒకరోజు గోడౌన్‌లో నిలబడితే తెలుస్తుంది, కొనడం ఒకటీ, అదొక కలెక్షన్ అనిపించుకోవడం ఇంకోటీ అని. దేని పక్కన ఏది పెట్టాలి, ఏది ఎందుకు ముఖ్యం, ఏ కాలానిది, దేనికి చెద పట్టకుండా చూడాలి అని చెప్పడానికి చదువుకున్న మనిషి కావాలి. ఆ మనిషి వ్యాసం రాసి, కేటలాగ్ వేసి, ఎగ్జిబిషన్ పెడితే ఆ బొమ్మల విలువ కూడా పెరుగుతుంది. ఇందులో పాపమేం లేదు. కాకపోతే వాళ్లు నీకు చేసేది సాయం, నువ్వు వాళ్లకి చేయబోయేది కూడా సాయమే. ఇది గుర్తుంటే ఆ టేబుల్ దగ్గర నువ్వు కూర్చునే తీరు మారుతుంది.

మన దేశంలో ఈ డబ్బు ఎక్కువగా కుటుంబాల దగ్గర నుంచే రావడానికి కారణం ఉంది. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఢిల్లీలో 1954లో మొదలైంది, 1996లో ముంబయిలో, 2009లో బెంగళూరులో పెట్టారు. అంతే, మూడే. ఈ కాలపు కళని చూపించే పెద్ద చోట్లు, ఢిల్లీలో 2010లో తెరిచిన కిరణ్ నాడార్ మ్యూజియం లాంటివి, చాలావరకు ఒక కుటుంబం సొంత డబ్బుతో పుట్టినవే. కంపెనీల సీఎస్ఆర్ డబ్బు ఉంది కదా అంటావేమో. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి, నిజమే. ఏ పనులకి పెట్టొచ్చో చెప్పే జాబితాలో కళ కూడా ఉంది, కానీ ఎలా ఉందంటే వారసత్వ సంపద, పాత కట్టడాల మరమ్మతు, గ్రంథాలయాలు, సంప్రదాయ కళలు, చేతివృత్తులు. కలంకారీకి డబ్బివ్వడానికి ఆఫీసులో ఎవరూ భయపడరు. వీడియో ఆర్ట్ క్యూరేటర్‌కి ఇవ్వాలంటే ఆడిటర్ కళ్లజోడు సవరించుకుంటాడు.

అందుకని ఫౌండేషన్ వాళ్లని నువ్వు అడగాల్సిన మొదటి మాట, "ఈ డబ్బు ఏ జేబులోంచి వస్తోందండీ?" కుటుంబం సొంత ట్రస్టు నుంచా, కంపెనీ సీఎస్ఆర్ నుంచా? మర్యాదగానే అడుగు, కానీ అడుగు. సీఎస్ఆర్ అయితే రెండు చిక్కులున్నాయి. దేశం బయట చేసే పనులు సీఎస్ఆర్ కిందికి రావని నిబంధనల్లో రాసుంది, జాతీయ, అంతర్జాతీయ పోటీలకి వెళ్లే క్రీడాకారుల శిక్షణకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. విదేశీ కోర్సుకిచ్చే స్కాలర్‌షిప్ ఈ గీతకి ఇవతలా అవతలా అనేది లాయర్లు వాదించుకునే సంగతి, కానీ ఆ వాదన నీ రెండో వాయిదా ఫీజు కట్టాల్సిన వారంలో మొదలవకూడదు. రెండోది, సమాజం కోసమని ఇచ్చిన డబ్బుతో నువ్వు చదివొచ్చి, ఆ కుటుంబం సొంత గోడౌన్‌లో రెండేళ్లు పనిచేస్తే అది సమాజానికి చేసినట్టెలా అవుతుందని ఎవరైనా అడగొచ్చు. ట్రస్టు డబ్బయితే నీకు ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. ఏదైనా సరే ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కి వెయ్యో రెండు వేలో ఇచ్చి చూపించు. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కీ, పని చేయించుకుని ఇచ్చే ఫీజుకీ పన్ను లెక్క వేరు. కాగితం మీద ఏ మాట రాస్తారన్నది నీకు తేడా తెస్తుంది.

ఇక "అమ్ముడుపోయినట్టా" అన్నావు. ఆ మాట నీకు ఎవరు నేర్పారో గానీ, దాన్ని కాసేపు పక్కన పెట్టు. అమెరికాలో కళలకి డబ్బిచ్చే మెలన్ ఫౌండేషన్ 2015లో మ్యూజియం ఉద్యోగుల మీద ఒక సర్వే బయటపెట్టింది. క్యూరేటర్లు, బొమ్మలు పాడవకుండా చూసే కన్జర్వేటర్లు, విద్యా విభాగం వాళ్లు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు, వీళ్లందర్నీ కలిపి చూస్తే 84 శాతం తెల్లవాళ్లే. నల్లవాళ్లు 4 శాతం. అంతకు రెండేళ్ల ముందే ఆ సంస్థ కొన్ని మ్యూజియాలతో కలిసి డిగ్రీ చదివే పిల్లలకి డబ్బిచ్చి క్యూరేటర్ పని నేర్పించే ఫెలోషిప్ మొదలుపెట్టింది. కారణం మామూలుదే: జీతం లేకుండా ఏడాదిపాటు పెద్ద నగరంలో ఇంటర్న్‌గా పనిచేయగలిగినవాళ్లే ఈ ఉద్యోగాల్లోకి వస్తారు, అంటే ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లే. మన దగ్గర ఆ లెక్క ఎవరైనా తీస్తే కులం, ఇంగ్లీషు, ఢిల్లీ-ముంబయి అని మూడు గడులు పెట్టాల్సొస్తుంది, అది వేరే కథ. నే చెప్పేదేంటంటే, టైలర్ కూతురు ఇంకొకరి డబ్బు తీసుకోకుండా ఈ వృత్తిలోకి రావాలనడం ఆ వృత్తిని డబ్బున్నవాళ్లకే వదిలేయమనడం. తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. ఆమాటకొస్తే నువ్వు చిన్నప్పుడు చీటీలు చదివిన ఆ గ్యాలరీ దామెర్ల రామారావు కూడా, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ కూల్డ్రే దొర గుర్తించి వెన్నుతట్టబట్టే బొంబాయి జె.జె. స్కూలు దాకా వెళ్లాడు. 28 నిండకుండానే పోయాడు పాపం, దాదాపు నీ వయసులోనే.

అలాగని మీ మామయ్య సంగతి చిన్నది కాదు. దాన్ని చివరికి తోసేద్దామనుకున్నాను గానీ ఇక్కడే మాట్లాడుకుందాం.

కళకి వచ్చే డబ్బు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే శుభ్రమైన జేబు దొరకడం కష్టం. ఇండిపెండెంట్ క్యూరేటర్, అంటే ఏ మ్యూజియంలోనూ ఉద్యోగం లేకుండా సొంతంగా పనిచేసే క్యూరేటర్, అనే మాట వచ్చినప్పుడల్లా హరాల్డ్ జీమాన్ పేరు చెప్తారు, నువ్వు చదివే ఉంటావు. 1969లో బెర్న్‌లో ఆయన పెట్టిన ఎగ్జిబిషన్‌కి డబ్బిచ్చింది ఫిలిప్ మోరిస్, సిగరెట్ల కంపెనీ. ఇంకోపక్క శాక్లర్ కుటుంబం చూడు. మందుల డబ్బే. వాళ్ల కంపెనీ అమ్మిన నొప్పిమాత్రలకి అలవాటుపడి అమెరికాలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారని, ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ 2017 నుంచి మ్యూజియంల మీదకి ఉద్యమం నడిపింది. తను కూడా ఆ మాత్రల్లోంచి బయటపడిన మనిషే. 2019లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం శాక్లర్ పేరు తీసేసింది, 2021 డిసెంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తీసేసింది. గోడ మీద పేరు తీసేయొచ్చు. కానీ ఆ డబ్బుతో చదువుకున్నవాళ్ల తలలోంచి చదువు తీసేయమని ఎవరూ అడగలేదు, అడగలేరు కూడా.

నీ విషయంలో తేడా ఏంటంటే, నీకు ఇది సిద్ధాంతం కాదు, మేనమామ. ఎవరిదో నది గురించి ఆవేదన పడటం వేరు, పండక్కి వెళ్తే ఆ ఇంట్లో మంచినీళ్లు తాగాల్సి రావడం వేరు. ఆ అర్జీలో ఉన్నది నిజమో కాదో నాకూ తెలీదు, నీకూ పూర్తిగా తెలిసినట్టు లేదు. తేలాల్సినచోట తేలనీ. కానీ నువ్వు సంతకం పెడితే ఏం జరగొచ్చో ఊహించు. ఫౌండేషన్ వాళ్లు పేపర్లో ఫొటో వేయిస్తారు, చెక్కు పట్టుకుని నవ్వుతూ నువ్వు. మామయ్య అది కిరాణా కొట్టు దగ్గర చూస్తాడు. ఆయనతోపాటు అర్జీ పెట్టినవాళ్లు చూస్తారు, "నీ మేనకోడలే కదయ్యా" అంటారు. నీకు తెలియకుండానే ఆయన పక్షం బలహీనపడుతుంది. ఈ నష్టం పది లక్షల్లో ఎక్కడా లెక్కకి రాదు, అందుకే నువ్వే లెక్కెయ్యాలి.

కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా, సంతకానికి ముందు మామయ్య దగ్గరికి వెళ్లు. ఫోన్‌లో కాదు, బస్సెక్కి. పర్మిషన్ అడగడానికి కాదు, ఆయనకి నీ నోటి నుంచే తెలియాలి కాబట్టి. ఆయన ఏమంటాడో నేను చెప్పలేను. "తీస్కోవే, వాళ్ల డబ్బు కొంతైనా మనింటికి రానీ" అనొచ్చు, నా అనుభవంలో పల్లెటూరి పెద్దవాళ్లు మన స్నేహితురాళ్లకంటే ప్రాక్టికల్‌గా ఉంటారు. మొహం తిప్పుకోనూ వచ్చు. తిప్పుకుంటే నీకు జవాబు సగం దొరికినట్టే, ఎందుకంటే ఆ మొహం గుర్తొస్తూ తొమ్మిది నెలలు పరాయి దేశంలో చదవడం చాలా కష్టం.

ఇప్పుడు కాగితం. ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే నీ వయసులో నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక చోట నా చదువుకి సాయం చేశారని, వాళ్ల కేటలాగ్‌కి నలభై పేజీల వ్యాసం రాసిచ్చాను. అచ్చయ్యాక చూస్తే దానికింద ట్రస్టీగారి పేరుంది. అడిగితే "నీకింత చేశాం కదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో నోరు పడిపోయింది నాకు. ఒప్పందంలో ఎవరి పేరు వేయాలో ఒక్క లైను రాసుకుని ఉంటే ఆ మాట అనే అవకాశమే వాళ్లకి ఉండేది కాదు. చూడు, బాండు కట్టి పడేసేది రెండేళ్లే. "ఇంత చేశారు కదా" అన్నది మాత్రం గడువు లేకుండా కట్టి పడేస్తుంది. ఉప్పు తిన్నాం కదా అని మనం పెరిగిన తీరు అలాంటిది. అందుకే నీ కృతజ్ఞత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా కాగితం మీదే రాయించుకోవాలి అంటాను. వినడానికి మోటుగా ఉంటుంది, తెలుసు.

నిజానికి మన పాత కవులకి ఈ విషయంలో మనకంటే స్పష్టత ఉండేది. ప్రబంధం రాసినవాడు కృతికర్త, డబ్బిచ్చి అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. కృతిభర్తకి అవతారికలో, అంటే కావ్యం ముందుమాటలో చోటు, వాళ్ల తాతముత్తాతల వర్ణన, ఆయనకి అంకితమని చెప్పే షష్ఠ్యంతాల పద్యాలు, ప్రతి ఆశ్వాసం మొదట్లో చివర్లో ఒక పిలుపు. పొగడ్త ఎంతైనా అక్కడ పొగుడు. మధ్యలో ఉన్న కథలోకి మాత్రం ఆయన రాడు. నువ్వు కూడా అదే గీత గీసుకో: అవతారిక వాళ్లది, కావ్యం నీది. ఎగ్జిబిషన్ ద్వారం దగ్గర వాళ్ల పేరు ఎంత పెద్దగానైనా రాయనీ. లోపల గోడ మీద ఏ బొమ్మ పక్కన ఏది, దానికింద ఏం రాయాలి అన్నది నువ్వే తేల్చాలి.

ఆ గీత ఒప్పందంలో ఎలా ఉంటుందంటే... "రాసినవన్నీ చూపించాలి" అన్న షరతుని "ఫౌండేషన్ కలెక్షన్ గురించి రాసినవి మాత్రమే చూపించాలి, పదిహేను రోజుల్లో వాళ్లు తప్పులుంటే చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే" అని మార్చమను. నీ పేరు వేయడం తప్పనిసరి అని రాయించు. ఉద్యోగిగా రాసినదాని కాపీరైట్ వేరే ఒప్పందం లేకపోతే యజమానికే పోతుంది, కానీ రాసినవాళ్లుగా గుర్తింపు కోరే హక్కు చట్టం ప్రకారం నీ దగ్గరే ఉంటుంది, ఇది చాలామందికి తెలీదు. మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలన్నారు కదా, అది మరీ అన్యాయం. ఇరవై నాలుగు నెలల్లో ఇరవై నెలలు చేసి మానేసినవాళ్లూ, రెండు నెలలు చేసి మానేసినవాళ్లూ ఒకటేనా? చేసిన నెలలు తీసేసి మిగిలినదానికే లెక్క కట్టమను. ఆ రెండేళ్ల జీతం ఎంతో అంకెలో రాయించు, తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోకు. ఫౌండేషనే మూతపడితే, లేదా వాళ్లే నిన్ను తీసేస్తే బాండ్ రద్దు అని ఒక లైను. నీ ఫొటో, పేరు కంపెనీ ప్రకటనల్లో, నివేదికల్లో నిన్ను అడక్కుండా వాడకూడదని ఇంకో లైను, ఇది మామయ్య కోసం. రెండేళ్లని ఏడాదిన్నర చెయ్యమని కూడా అడుగు, పోయేదేముంది.

ఇవన్నీ అడిగితే ఆఫర్ పోతుందేమో అని భయమేస్తుంది నీకు. పోవచ్చు. నేను కూర్చున్న కుర్చీలోంచి చెప్తున్నాను, ఒప్పందం గురించి తెలివైన ప్రశ్నలు వేసిన అభ్యర్థిని మేం ఎప్పుడూ వద్దనుకోలేదు, అసలు అలాంటివాళ్లే మాకు నచ్చేవాళ్లు. కానీ కుటుంబాల ఫౌండేషన్లు ఆఫీసులా కాదు, ఇల్లులా నడుస్తాయి. అక్కడ ప్రశ్న వేయడాన్ని పొగరు అనుకునే పెద్దాయన ఒకరుంటారు. ఆ పెద్దాయన ఉన్నాడో లేదో ఇప్పుడే తెలిసిపోతే నీకే మంచిది, అక్కడ పనిచేయాల్సింది రెండేళ్లు. ఇంకో చిన్న పని చెయ్యి. ఇంతకుముందు వాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే నంబర్ అడిగి, ఒక్కళ్లతోనైనా మాట్లాడు.

తీసుకోకపోతే ఏముంది అంటావా. ఉంది, కానీ నెమ్మదిగా ఉంటుంది, అబద్ధం చెప్పను. ఢిల్లీలో 1997 నుంచి నడుస్తున్న ఖోజ్ అనే కళాకారుల సంస్థ వాళ్లు, జర్మన్ సాంస్కృతిక కేంద్రం మాక్స్ ముల్లర్ భవన్‌తో కలిసి దక్షిణాసియా యువ క్యూరేటర్ల కోసం ఒక ఇంటెన్సివ్, అంటే కొద్దికాలంలో గట్టిగా నేర్పే శిక్షణ, పెడుతూ వచ్చారు. రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన కొచ్చి బినాలేలో 2014 నుంచి స్టూడెంట్స్ బినాలే అని ఒకటుంది, కుర్ర క్యూరేటర్లని ఎంచుకుని దేశంలోని ఆర్ట్ కాలేజీలకి పంపుతారు, వాళ్లు విద్యార్థుల పనులు చూసి, ఏరి, ఎగ్జిబిషన్ కడతారు. టాటా ట్రస్టులు దీనికి డబ్బిచ్చాయి. నన్నడిగితే మన దగ్గర క్యూరేటర్ పనిని నిజంగా నేర్పించింది ఇదే, ఎందుకంటే కరెంటు లేని హాల్లో, సగం బొమ్మలు రాకుండా, ఫ్రేములకి డబ్బులు చాలకుండా ఎగ్జిబిషన్ పెట్టడం ఏ క్లాసులోనూ చెప్పరు. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి గ్రాంట్లిస్తోంది. కేంద్ర సంస్కృతి శాఖ జూనియర్ ఫెలోషిప్ నెలకి పదివేలు చొప్పున రెండేళ్లు, మొత్తం 2 లక్షల 40 వేలు, అదీ వాయిదాల్లో. న్యూయార్క్‌లోని ఇండిపెండెంట్ క్యూరేటర్స్ ఇంటర్నేషనల్ 2010 నుంచి రకరకాల దేశాల్లో కొద్దిరోజుల ఇంటెన్సివ్‌లు పెడుతోంది. బయట దేశాల చదువుకి ఇన్‌లాక్స్ శివదాసానీ ఫౌండేషన్, బ్రిటన్ అయితే చార్ల్స్ వాలెస్ ట్రస్టు ఉన్నాయి. ఏది ఈ ఏడాది తెరిచి ఉందో, వయసు పరిమితి ఎంతో వాళ్ల ప్రకటనల్లో చూసుకో, ముప్పై దాటితే కొన్ని తలుపులు మూసేస్తారు. నీకు మూడేళ్లున్నాయి.

ఈ దారిలో ఇబ్బంది ఏంటంటే ఒక్కో దరఖాస్తుకి రెండు వారాల సాయంత్రాలు పోతాయి, పదిటికి ఒకటి తగిలితే అదృష్టం, మధ్యలో 22 వేల జీతంతోనే గడవాలి, అమ్మ సంబంధాలు చూడటం మానదు. లాభం ఏంటంటే ఇవి ఒక కుటుంబం ఇష్టాయిష్టాల మీద నడిచేవి కావు. ఇక్కడ నీతోపాటు చదివే పది పదిహేను మంది నీ వయసువాళ్లే, రేపు వాళ్లే ఎక్కడెక్కడో క్యూరేటర్లవుతారు, నిన్ను పిలిచేది వాళ్లే. యూరప్ కోర్సులో కూడా ఇదే అసలు లాభం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ది ఆపెల్ అనే ఆర్ట్ సెంటర్‌లో 1994లో క్యూరేటర్ల కోర్సు పెట్టినప్పటినుంచీ అక్కడ చదివినవాళ్లు దశాబ్దాల తర్వాత కూడా ఒకరికొకరు పనులిచ్చుకుంటున్నారంటే సిలబస్ గొప్పదై కాదు.

మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. కోర్సువాళ్లకి మెయిల్ పెట్టి సీటు ఒక ఏడాది వాయిదా వేస్తారా అని అడుగు, ఫీజులో తగ్గింపు ఉందా అని కూడా. చాలామంది అడగరు. వాయిదా వేస్తే ఈ ఏడాదిలో మీ ఊళ్లోనే ఒక ఎగ్జిబిషన్ పెట్టు. పెద్దది వద్దు. సినిమా హోర్డింగులు రాసి ఇప్పుడు ఫ్లెక్సీల వల్ల ఖాళీగా ఉన్న పెయింటర్లు మీ వైపు ఎంతమంది లేరు, వాళ్ల దగ్గర మిగిలిన స్కెచ్‌లు, గళ్లు గీసుకున్న ఫొటోలు, బ్రష్‌లు, వాళ్ల మాటల్లోనే వాళ్ల కథలు. కల్యాణమండపం ఒకటి ఖాళీ రోజుల్లో అడిగితే ఇస్తారు. అరవై డెబ్బై వేలల్లో అవుతుంది, మీ కాలేజీ పాతవిద్యార్థుల దగ్గర తలా రెండు వేలు వసూలు చేసినా సరిపోతుంది. దీనివల్ల యూరప్ ఖర్చు తీరదు, అది నాకూ తెలుసు. కానీ వచ్చే ఏడాది ఏ ఫౌండేషన్ ముందు కూర్చున్నా "నాకు అవకాశం ఇవ్వండి" అనవు, "నేను ఇది చేశాను" అంటావు. ఇదే మందుల కుటుంబం అప్పుడు కూడా ఉంటే వాళ్లు కూడా నీతో వేరేగా మాట్లాడతారు. నష్టం? వాయిదా ఇవ్వకపోతే సీటు పోతుంది, పోయిన సీటు మళ్లీ వస్తుందన్న గ్యారంటీ లేదు. ఇరవై ఏడులో ఏడాది ఆగడానికి ఇంట్లోవాళ్లు పెట్టే టెన్షన్ నీకే తెలుసు.

నేనైతే ఏం చేస్తాను అని అడుగుతావు, తప్పదు. మామయ్య పెద్దగా బాధపడకపోతే, పేరు, నెలల లెక్క, ఫొటో, ఈ మూడు షరతులు వాళ్లు ఒప్పుకుంటే తీసుకుంటాను. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా వాయిదా అడుగుతాను. కానీ నేను ఆ ఊళ్లో పండగ చేసుకోను, నువ్వు చేసుకుంటావు. కాబట్టి నా లెక్క నీకు సరిపోకపోవచ్చు.

స్నేహితురాలితో దెబ్బలాడకు. ఆమె అడిగింది అడగాల్సిన ప్రశ్నే, జవాబుకి కట్టాల్సిన డబ్బు మాత్రం ఆమెది కాదు. అమ్మ గురించి ఇప్పుడేం చెప్పను, అది ఇంకో ఉత్తరం.

ఇక నాన్నగారు. క్యూరేటర్ అంటే ఏంటో నోటితో చెప్పకు, ఎవరు చెప్పినా అర్థం కాదు, నాకే మూడేళ్లు పట్టింది. తెరిచి ఉందో లేదో కనుక్కుని ఒకరోజు షాపు మూయించి ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్లు. దామెర్ల గ్యాలరీలో ఒక గది మొత్తం తిప్పి, "నాన్నా, ఇందులో రెండు బొమ్మలు తీసి వేరేచోట పెట్టమంటే ఏవి పెడతావు?" అని అడుగు. ఆయన నలభై ఏళ్లుగా ఏ రంగు జాకెట్టు గుడ్డకి ఏ లైనింగ్ అని చూస్తున్న మనిషి, ఖాళీగా ఉండడు, ఏదో ఒకటి చెప్తాడు. ఎందుకు అని అడుగు. అప్పుడాయన చెప్పేదే నీ ఉద్యోగం.

ఫౌండేషన్‌కి పంపే మెయిల్ ముందు తెలుగులో రాసుకో, మొహమాటం ఎక్కడెక్కడ దూరిందో తెలుగులో బాగా కనపడుతుంది. కావాలంటే నాకు పంపు, చూసి పెడతాను. ఇరవయ్యో రోజు రాత్రి పదకొండింటికి మాత్రం పంపకు.